ఓడిపోని పరీక్ష: తొడ సొట్టల క్రీమును నెగ్గించే చిట్కాలు

తొడల వెనక, పిరుదుల మీద చర్మం సొట్టలు సొట్టలుగా కనిపిస్తుందే, దాన్నే సెల్యులైట్ అంటారు. అది కరిగిపోతుందని డబ్బా మీద రాసిన క్రీము మీ చేతికొచ్చింది. మీరు ఖమ్మం జిల్లా ఎర్రుపాలెంలో బ్యూటీ పార్లరు నడుపుతున్నారా, గొలుసుకట్టు కంపెనీలో కొత్తగా చేరారా, ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు చూద్దామనుకుంటున్నారా? ఎవరైనా సరే, పని ఒకటే. కొనేవాళ్లు "ఇది పనిచేస్తుందా?" అని అడుగుతారు. "మన ఊళ్లోనే పరీక్ష చేసి చూశాం" అని మీరు చెప్పగలగాలి. పరీక్ష అన్న మాటకున్న గౌరవం ఇంకే మాటకూ లేదు. కాకపోతే దాని మానాన దాన్ని వదిలేస్తే అది క్రీమును ఓడించేస్తుంది. ఇప్పటికే చాలాచోట్ల ఓడించింది. అందుకని పగ్గం మీ చేతిలోనే ఉంచుకోవాలి. ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. కింద చెప్పినవి వరసగా చేసుకుంటూ పోండి.

1. ఫలితం ముందే రాసుకోండి.

కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో "పదిమందిలో తొమ్మిదిమందికి తగ్గింది" అని రాయండి. ఆ తర్వాతే డబ్బా మూత తియ్యండి. పదికి పది అని రాస్తే జనం నమ్మరు. ఆ తగ్గని ఒక్కరు ఉండటం వల్లే మిగతా తొమ్మిదిమందికీ విలువ. ఆ ఒక్కరు ఎవరో కూడా ఇప్పుడే అనేసుకోండి. మీకు పడని మనిషి పేరు పెట్టుకుంటే సరిపోతుంది.

2. మొహమాటస్తుల్నే ఎంచుకోండి.

యుక్తవయసు దాటిన ఆడవాళ్లలో నూటికి 80 నుంచి 90 మందికి ఈ సొట్టలు ఎంతో కొంత ఉంటాయి. సన్నగా ఉన్నవాళ్లకూ ఉంటాయి. చర్మం కింద కొవ్వు మధ్యగా, చర్మాన్ని లోపలి కండ పొరకు కట్టిపట్టే నారపోగులు ఉంటాయి. ఆడవాళ్లలో అవి చాలావరకు నిలువుగా ఉంటాయి, మగవాళ్లలో అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. నిలువు పోగుల మధ్య నుంచి కొవ్వు పైకి ఉబుకుతుంది, పోగు పట్టిలాగిన చోట సొట్ట పడుతుంది. ఇద్దరు జర్మన్ పరిశోధకులు 1978లోనే ఈ సంగతి రాశారు. ఇది జబ్బు కాదు, ఆడ ఒంటి తీరు అని డాక్టర్లు అంటారు. ఆ మాట మీ గుమ్మం తొక్కనివ్వకండి. ఊళ్లో నూటికి 90 మందికి జబ్బుందంటే మీకు నూటికి 90 మంది ఖాతాదారులున్నట్టు లెక్క.

అయితే పరీక్షకు అందరూ పనికిరారు. మీ ఇంట్లో అద్దెకుంటున్న ఆమె, చీటీ పాడి ఇంకా డబ్బు కట్టని ఆమె, మీ తోటికోడలు, మీ డ్వాక్రా గ్రూపులో కొత్తగా చేరిన అమ్మాయి: ఇలాంటివాళ్లు శ్రేష్ఠం. "ఎలా ఉంది వదినా?" అని మీరు అడిగితే "తగ్గినట్టే ఉందమ్మా" అనక తప్పని స్థితిలో ఉండాలి మనిషి. నిజం చెప్పినా నష్టపోనివాళ్ల జోలికి పోకండి. మధిరలో ఉద్యోగం చేసుకునే నర్సమ్మలు, టీచరమ్మలు అసలే వద్దు. వాళ్లు ఒక్క ప్రశ్న అడిగితే సాయంత్రానికల్లా అది నాలుగు వీధులు తిరుగుతుంది.

3. ఉత్తుత్తి క్రీమును దగ్గరికి రానివ్వకండి.

ఈ చిట్కా ఒక్కటి గుర్తుంటే మిగతావి మరిచిపోయినా గట్టెక్కుతారు. ఉబ్బసానికి వాడే అమినోఫిలిన్ అనే మందును క్రీములో కలిపి, తొడ కొవ్వు కరుగుతుందని 1990లలో అమెరికాలో బాగా అమ్మారు. తర్వాత కొందరు డాక్టర్లు దాన్ని 12 వారాల పరీక్షకు పెట్టారు. చివరిదాకా 52 మంది ఆడవాళ్లు నిలిచారు. వాళ్లలో ఒక జట్టుకు ఒక కాలికి అసలు క్రీము, రెండో కాలికి మందు కలపని ఉత్త క్రీము ఇచ్చారు. ఏ కాలికి ఏదో రాసుకునేవాళ్లకూ తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. 1999లో ఫలితం అచ్చయింది. రెండు కాళ్లకూ తేడా లేదు.

ఎంత నష్టమో చూడండి. ఉత్త క్రీమే గనక లేకపోతే ఆ ఆడవాళ్లలో కొందరైనా "నాకు తగ్గింది" అని సంతోషంగా ఇంటికి వెళ్లేవాళ్లు. పక్కన పోల్చుకోవడానికి ఇంకో కాలు ఉండబట్టే గుట్టు బయటపడింది. అందుకని రెండు కాళ్లకూ అసలు క్రీమే రాయించండి. "ఒక కాలికే రాసి చూస్తానే" అని ఎవరైనా అంటే, "ఒక కాలు సన్నం, ఒక కాలు లావు అయితే రేపు నడవలేవు పిన్నీ" అని భయపెట్టండి. ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

4. ధర ముందు చెప్పండి, డబ్బు ముందు తీసుకోండి.

పరీక్ష అంటే ఉచితం అనుకునేవాళ్లుంటారు. ఉచితంగా ఇస్తే ఆమె నిజం చెప్పేస్తుంది. పద్దెనిమిది వందలు పోసి కొన్న మనిషి మాత్రం తన డబ్బు వృథా అయిందని తన నోటితో తాను చెప్పుకోదు. మొగుడి ముందు అసలే చెప్పదు. నేనైతే పరీక్ష చేసుకునేవాళ్ల దగ్గర మామూలు ధరకు ఇంకో వంద కలిపి తీసుకోమంటాను. ఎంత ఎక్కువ పెడితే అంత ఎక్కువ తగ్గుతుంది.

5. టేపుతో పని చేయించుకోండి.

క్రీముల మీద జరిగిన పరీక్షలను కలిపి లెక్కేసిన ఒక సమీక్ష 2014లో వచ్చింది. తొడ చుట్టుకొలతలో సగటున తేలిన తేడా 0.46 సెంటీమీటరు. అర సెంటీమీటరు కూడా లేదు. అంత చిన్న అంకె చెబితే మీ దగ్గర ఎవరు కొంటారు? టేపును రెండు వేళ్ల మందం కిందికి జరిపితే అంతకంటే ఎక్కువే వస్తుంది. ఎక్కడ కొలిచారో పెన్నుతో గుర్తు పెట్టకండి. గుర్తు ఉందంటే రెండోసారి కూడా అక్కడే కొలవాల్సి వస్తుంది.

మొదటి కొలత సాయంత్రం తియ్యండి. ఆమె ఖమ్మం వెళ్లి ప్యాసింజరులో కాళ్లు వేలాడేసి కూర్చుని, నీరు దిగిన కాళ్లతో స్టేషన్లో దిగిన రోజైతే మరీ మంచిది. రెండో కొలత పొద్దున్నే, పరగడుపున తియ్యండి. మొదటిసారి టేపును వదులుగా చుట్టండి, రెండోసారి బిగించి లాగండి. కుట్టుమిషను దగ్గర ఏళ్లతరబడి వాడి సాగిపోయిన గుడ్డ టేపు దొరికితే దాన్ని రెండో కొలతకు దాచుకోండి. సాగిన టేపు అసలు కంటే తక్కువే చూపిస్తుంది. ఒక్క రాత్రిలో ఆమె తొడ అంగుళం తగ్గుతుంది. మీరు మంచం దిగాల్సిన పని కూడా లేదు. టేపు పట్టుకోవడానికి మీ అమ్మాయిని పంపండి.

6. ఫోటో తీయడంలో శ్రద్ధ పెట్టండి.

సొట్ట కనిపించేది నీడ వల్లే. "ముందు" ఫోటోను కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేచోట తియ్యండి. ఆమెను నిలబెట్టి, తొడ కండ బిగబట్టమని, చేత్తో కాస్త నొక్కిపట్టమని చెప్పండి. లేని సొట్టలు కూడా లేచొస్తాయి. "తర్వాత" ఫోటోకు బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా ట్యూబులైటు వేసి, ఫ్లాష్ కొట్టండి. నీడ పోతుంది, నీడతోపాటు సొట్టా పోతుంది. ఫోనులో చర్మం నున్నగా చేసే ఫిల్టరు ఉండనే ఉంది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి వాట్సాప్ గ్రూపులో వేసేయండి.

ఆమెను అడగాలా అని కొందరికి సందేహం. కొలతకు ఒప్పుకున్న మనిషి ఫోటోకు ఒప్పుకోకుండా ఉంటుందా? మొహం కనపడకపోతే చాలు. కాలి పట్టీలు చూసి ఎవరో గుర్తుపట్టారనుకోండి, ఆమె భర్త, అన్నదమ్ములు మీ ఇంటి ముందుకు రావచ్చు, వీధంతా పోగుకావచ్చు. కంగారు పడకండి. అరుపులు విని వచ్చినవాళ్లందరికీ క్రీము పేరు తెలుస్తుంది. అంత ప్రచారం డబ్బిచ్చినా రాదు.

7. మంట పుడితే పని మొదలైందని చెప్పండి.

ఇలాంటి క్రీముల్లో చాలావాటిలో పిప్పర్మెంటు సత్తో మిరప సత్తో ఉంటుంది. రాయగానే చల్లగానో చురచురమనో అనిపిస్తుంది. చర్మం ఎర్రబడి కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు సొట్టలు కొద్దిసేపు పూడినట్టుంటాయి. ఆ కొద్దిసేపే మీది. కొలతలైనా ఫోటోలైనా ఆ గంటలోనే కానిచ్చేయండి. "కొవ్వు కాలుతోంది" అనండి. కంటికి ఎర్రగా కనిపిస్తున్నదాన్ని కాదనేదెవరు?

ఒక్క జాగ్రత్త. మిరపకోతకు వెళ్లేవాళ్లను ఈ పరీక్షకు పిలవకండి. తేజ మిర్చి కోసి, కళ్లంలో ఆరబోసి, చేతులు మండుతూనే అన్నం కలుపుకు తినే ఆడవాళ్లు వాళ్లు. పైన ఏజెన్సీ నుంచి కోతలకొచ్చే వాళ్లయితే సీజనంతా ఆ ఘాటులోనే ఉంటారు. మంటకు కొవ్వు కరిగేదైతే మా చేతులు ఈపాటికి పుల్లలయ్యేవి కదమ్మా అని వాళ్లు ఒక్కమాట అన్నారంటే మీ వ్యాపారం ఆ పూటతో సరి. ఇంట్లో నీడపట్టున ఉండి, మంట అంటే కొత్తగా ఉన్నవాళ్లనే చూసుకోండి.

8. ప్లాస్టిక్ కవరు చుట్టండి.

క్రీము రాసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, రాత్రంతా ఉంచమనండి. మే నెలలో మొదలుపెడితే ఖమ్మం జిల్లా ఎండ సగం పని చేసిపెడుతుంది. తెల్లారేసరికి కవరులో చేరిన చెమట చూపించి "ఇదిగో, కరిగిన కొవ్వు" అనండి. నాలుగో రోజుకు చెమటకాయలు, పదో రోజుకు గజ్జల్లో తామర వస్తాయి. వస్తే రానివ్వండి. లోపలి చెడు బయటికొస్తోందని చెప్పాలి.

దురద తట్టుకోలేకపోతే ఆమె మందుల షాపుకు వెళ్లి ఏదో ఒక స్టెరాయిడ్ క్రీము అడిగి తెచ్చుకుంటుంది. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పూతలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో గట్టిగా చెప్పింది. అవి తామరను పైకి అణిచి లోపల విస్తరింపజేస్తాయి. వాడగా వాడగా చర్మం పలచబడి చారలు పడతాయి, సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి. మీరు ఆ నాళాలే చూపించాలి. "కొవ్వు అడ్డం తొలగింది కాబట్టే నరాలు తేలాయి" అనండి. ఆ చారలు తర్వాత ఎన్నేళ్లకూ పోకపోతే మీ పరీక్షకు చెరగని సాక్ష్యం దొరికినట్టు.

9. పది పనులు ఒకేసారి చేయించండి.

క్రీము ఒక్కటే రాయిస్తే అది పనిచేయలేదని తేలిపోయే ప్రమాదముంది. అందుకని క్రీముతోపాటు పొద్దున రాగిజావ, రాత్రి అన్నం బంద్, సాయంత్రం గంటసేపు నడక, శనివారం జమలాపురం వెంకటేశ్వరస్వామి గుడికి కాలినడకన పోయిరావడం అన్నీ రాసివ్వండి. నెలకు మూడు కిలోలు తగ్గుతుంది. ఆ మూడు కిలోలూ క్రీము ఖాతాలో వేసుకోండి. తగ్గలేదనుకోండి, తప్పంతా ఆమెదే. సంక్రాంతికి అరిసె తిన్నావా? తిన్నావు. ఒక శనివారం ఆటో ఎక్కావా? ఎక్కావు. ఇన్ని షరతులు పెట్టాక ఏదో ఒకటి తప్పని మనిషి ఈ భూమ్మీద లేదు.

"సరిగ్గా వాడలేదు" అన్న సాకు బలం చిన్నదేమీ కాదు. ఢిల్లీలో ఒకాయన 2013లో 79 రూపాయలు పెట్టి మగవాళ్లు తెల్లబడే ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ క్రీము కొన్నాడు. తెల్లబడలేదని వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. చెప్పిన పద్ధతిలో వాడినట్టు రుజువు లేదని ఇమామి కంపెనీ వాదించింది. ఆ కేసు 2024 డిసెంబరు దాకా నడిచింది. చివరికి డబ్బా మీద పద్ధతి అరకొరగా రాసి జనాన్ని తప్పుదోవ పట్టించారని ఫోరం 14.5 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆ తీర్పు భాగం చదివి దిగులు పడకండి. ఒక్క సాకుతో పదకొండేళ్లు లాగారు, అది చూడండి. మీకు కావాల్సింది రెండు నెలలే.

10. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో ఉంచకండి.

పేర్లు పెన్సిలుతో రాయండి. దద్దురొచ్చి మానేసినవాళ్లు, మొగుడు తిట్టాడని మానేసినవాళ్లు, ఏమీ తగ్గక విసిగి మానేసినవాళ్లు రబ్బరుతో పోతారు. చివరికి మిగిలేది "బాగుంది" అనేవాళ్లే. ఇద్దరే మిగిలినా నూటికి నూరు శాతం అవుతుంది. మొదటి పేజీలో రాసుకున్న తొమ్మిదిమందికీ దీనికీ పొంతన కుదరకపోతే మొదటి పేజీ చింపేయండి.

11. ఏం కొలవాలో చివర్లో తేల్చుకోండి.

మన దేశంలో మనుషుల మీద చేసే మందుల పరీక్షలను ముందే నమోదు చేసే జాబితా ఒకటి 2007లో మొదలైంది. మందుల నియంత్రణ అధికారి అనుమతితో చేసే పరీక్షలకు 2009 జూన్ నుంచి ఆ నమోదు తప్పనిసరి. అక్కడ ఎంతమంది మీద చేస్తారో, ఏం కొలుస్తారో మొదలుపెట్టకముందే రాసివ్వాలి. ఎంత ఇరుకో ఆలోచించండి. తొడ కొలుస్తానని రాసిచ్చాక తొడ తగ్గకపోతే మోకాలు చూపించుకోవడానికి వీల్లేదు. మీరు అన్నీ కొలవండి: తొడ, నడుము, పిక్క, బరువు, నిద్ర, చర్మం మెరుపు. ఎక్కడో ఒకచోట అంకె తనంతట తానే మంచి వైపు ఒరుగుతుంది. అదే మీరు మొదటి నుంచీ వెతుకుతున్నదని చెప్పండి.

12. సంతకాలు తీసుకోకండి.

దీనికి మన పాత ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేశాయి. ఆ పిల్లల్లో ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణకొచ్చినవాళ్లు రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే 1,948 వేలిముద్రలు తేలాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో తల్లిదండ్రులకు సరిగ్గా తెలియజేయలేదని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద నివేదికే ఇచ్చింది.

ఇందులో మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే. కాగితాలు ఉన్నాయి కాబట్టే లెక్కపెట్టగలిగారు. మీ పరీక్షలో కాగితం అనేదే లేకపోతే ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు, ఎవరికి ఏం చెప్పారు అని అడిగే దారే లేదు. "నీకు చెప్పానుగా అక్కా, నువ్వే మర్చిపోయావు" అంటే అయిపోయింది. రేపు ఆమె తామరకు వైద్యం ఖర్చు అడిగిందనుకోండి, అసలు పరీక్షే జరగలేదనండి. కొనడానికొచ్చినవాళ్ల దగ్గర జరిగిన పరీక్ష, ఖర్చు అడిగినవాళ్ల దగ్గర జరగనిది అవుతుంది. ఈ సౌకర్యం పెద్ద పెద్ద సంస్థలకు కూడా లేదు.

13. సైన్సు రెండు ముక్కలు చాలు.

"ఇందులో కెఫీన్ ఉంది" అనండి. కొవ్వు కణాలను కరిగే వైపు నెట్టే గుణం కెఫీన్‌కు ప్రయోగశాల గాజు గిన్నెలో ఉన్న మాట నిజమే. చర్మం మీద రాసింది లోపలి కొవ్వు దాకా ఎంత చేరుతుంది, చేరినా ఆ నారపోగుల్ని ఏం చేస్తుంది అన్నది వేరే సంగతి. అక్కడిదాకా మాట పోనివ్వకండి. కంపెనీ సరుకు అయిపోతే ఇంట్లో కాఫీ పొడి కొబ్బరినూనెలో కలిపి అదే డబ్బాలో పెట్టొచ్చు. వాసన కూడా నమ్మకం పుట్టిస్తుంది. బాత్రూము గోడలు కడుక్కోవడం ఆమె పని.

ఎవరైనా చదువుకున్నమ్మాయి "పోగులు తెగితేనే కదా సొట్ట పోయేది" అని అడిగితే, ఇలా చెప్పండి. ఆ పోగుల్ని కరిగించే సూదిమందు క్వో అనే పేరుతో వచ్చింది. 2020లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. కమిలిన మచ్చలు విపరీతంగా వస్తున్నాయని, చర్మం రంగు మారుతోందని 2022 చివర్లో కంపెనీయే మానుకుంది. "చూశావా, సూదే ఓడిపోయింది. ఇక క్రీమే దిక్కు" అనండి. ఈ తర్కానికి జవాబు వెతుక్కునేలోగా బిల్లు రాసేయండి.

14. చట్టం మీ ఊరు రాదు.

నీవియా వాళ్ల క్రీము రోజూ రాస్తే ఒళ్లు సన్నబడుతుందన్న ప్రకటనకు 2011లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 9 లక్షల డాలర్లు కట్టించింది. 2014లో బాదం క్రీములు కొలతలు తగ్గిస్తాయన్నందుకు లాక్సిటాన్ కంపెనీ చేత అదే కమిషన్ నాలుగున్నర లక్షల డాలర్లు కట్టించింది. మన దగ్గర 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం ఉంది. ఏవి తగ్గిస్తామని ప్రకటనలివ్వకూడదో చెప్పే జాబితాలో స్థూలకాయం కూడా ఉంది, మొదటి తప్పుకు ఆర్నెల్ల దాకా జైలు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు.

ఆ కంపెనీలవాళ్లు టీవీలో చెప్పి, పత్రికలో, డబ్బా మీద అచ్చు వేయించి దొరికిపోయారు. మీరు నోటితో చెప్పండి. వాట్సాప్‌లో పెట్టినవి నోటిమాట కిందికే వస్తాయని ధైర్యంగా ఉండండి. పైగా ఎర్రుపాలెం సరిహద్దు మండలం. అవతల గంపలగూడెం, ఏ.కొండూరు వైపు నుంచి వచ్చి కొన్న ఆడవాళ్లు గొడవకొస్తే "మీది ఆంధ్ర, మాది తెలంగాణ, ఇక్కడ కేసు చెల్లదు" అని తలుపేసుకోండి. కొన్నవాళ్లు తామున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చని 2019 చట్టం చెబుతోంది. అంటే మీరే పేషీ పేషీకీ బస్సెక్కి విజయవాడ పోవాలి. పోతే పోండి, దారిలో నాలుగు డబ్బాలు అమ్ముకోవచ్చు.

15. పరీక్ష పూర్తికాకముందే సరుకు దించండి.

ఫలితం మీ చేతిలోనే ఉంది కాబట్టి ఆగడం దండగ. పది పెట్టెలు ఒకేసారి తెప్పిస్తే కంపెనీ మీకు "డైమండ్" అని పేరిస్తుంది, మెడలో పతకం వేసి ఫోటో తీస్తుంది. డబ్బు లేకపోతే మెడలో గొలుసు మధిరలో తాకట్టు పెట్టండి. అదీ చాలకపోతే డ్వాక్రా గ్రూపు అప్పు మీ పేరున ఒకటి, తోటికోడలి పేరున ఒకటి తీసుకోండి. ఆమె ఎలాగూ మీ పరీక్షలోనే ఉంది, సంతకం అడగడం తేలిక. వాయిదా తప్పితే గ్రూపు మొత్తం కట్టాలి. అప్పుడు పదిమంది ఆడవాళ్లూ తమ డబ్బు రాబట్టుకోవడానికి తలా రెండు డబ్బాలు తీసుకుని అమ్మిపెట్టక తప్పదు. ఒక్క రూపాయి జీతం లేకుండా మీ కింద పదిమంది పనిచేస్తున్నారన్నమాట.

అమ్ముడుపోకపోతే పెట్టెలు మంచం కింద పెట్టండి. మంచం కింద పట్టకపోతే బియ్యం బస్తాలు బయట వసారాలోకి జరపండి. వాన పడితే బియ్యం తడుస్తాయి, క్రీముకు మాత్రం చుక్క తగలకూడదు.

16. గడువు తేదీ దాటితే పాదాలకు మార్చండి.

ఏదో ఒకరోజు డబ్బా అడుగున ఉన్న తేదీ దాటుతుంది. నూనె పైకి తేలి, రంగు మారి, కాస్త ముక్క వాసన కొడుతుంది. పారేయొద్దు. స్పిరిటు గుడ్డతో తేదీ తుడిచి, "కాలి పగుళ్లకు" అని కొత్త చీటీ అంటించండి. చలికాలంలో పగుళ్లు లేని పాదం మన పల్లెల్లో ఉండదు, పొలంలో దిగే మగవాళ్లు కూడా కొంటారు. మళ్లీ కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో "పదిమందిలో తొమ్మిదిమందికి మానింది" అని రాయండి. ఈసారి టేపు అవసరం లేదు. "ముందు" ఫోటో మడికట్టు మీద, "తర్వాత" ఫోటో స్నానమయ్యాక తీస్తే సరిపోతుంది.